మైదా పూసిన వైపు

ముప్పై ఒక్క ఏళ్ళు ఒక కాలేజీలో మార్కర్‌గా పనిచేశాను. మార్కర్ అంటే ఆటస్థలంలో సున్నంతో గీతలు గీసేవాడు. వలలు కట్టడం, బంతులకు గాలి కొట్టడం, గోడలకు నోటీసులు అంటించడం, పెద్దలు మాట్లాడుకునేటప్పుడు టీ పట్టుకెళ్ళడం కూడా ఆ ఉద్యోగంలోవే. ఈ మధ్య ఆటల టీచర్లు కాబోయే పిల్లలు కొందరు వచ్చి, "మీరు గెలిపించిన పోటీల గురించి రాయండి తాతా" అన్నారు. గెలిచినవాటికి కాలేజీలో బీరువా నిండా కప్పులున్నాయి. ఆ సంగతి అవే చెప్పుకుంటాయి, నా అవసరం లేదు. నా చేత్తో ఓడించినది ఒకటుంది. అది నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

ముందే చెబుతున్నాను, నాకు చదువు ఆలస్యంగా వచ్చింది. మాది కళింగపట్నం దగ్గర చేపలు పట్టే కుటుంబం. నలభై రెండో ఏట, నా కూతురంత వయసున్న పంతులమ్మ ముందు పలక పట్టుకుని కూర్చున్నాను. అప్పటికి పదమూడేళ్ళుగా కాలేజీ గోడలకు నోటీసులు అంటిస్తున్నాను, ఒక్కటీ చదవకుండానే. సంతకం అడుగున ఉండాలి అనేది ఒక్కటే నా గుర్తు. తలకిందులుగా ఎప్పుడూ అంటించలేదు. చదువు వచ్చాక మాత్రం అంటించే ముందు ప్రతి నోటీసూ చదివేవాణ్ణి. కూడబలుక్కుని, వేలు పెట్టి, పైకి. దారినపోయే లెక్చరర్లు నవ్వుకునేవారు. నవ్వుకోనీ అనుకునేవాణ్ణి. వాళ్ళలో సగంమంది ఆ నోటీసుల్ని చదవరని నాకు తెలుసు.

రాష్ట్రం రెండైన మరుసటి ఏడు మా కాలేజీకి ఏదో కమిటీ తనిఖీకి వస్తుందన్నారు. వాళ్ళు 'మీ కాలేజీలో కొత్తగా ఏం చేస్తున్నారు' అని అడుగుతారట. కొత్తగా చేసినదేదీ లేదు. గోడలకు రంగు కూడా పాతదే. ప్రిన్సిపాల్ గారి గదిలో మీటింగు పెట్టారు. జిల్లా కాలేజీలకు ట్రయథ్లాన్ పోటీ పెడుతున్నారని ఒక కాగితం వచ్చింది.

"ట్రయథ్లాన్ అంటే తెలుసునా?" అని ప్రిన్సిపాల్ గారు ఫిజికల్ డైరెక్టర్ గారిని అడిగారు.

"తెలుసు సార్. మూడు ఆటలు."

"ఏవేవి?"

డైరెక్టర్ గారు ఫ్యాను వైపు చూశారు. ఆయన ఒకప్పుడు మంచి కబడ్డీ ఆటగాడు. నేను చూసేనాటికి మంచి భోజనప్రియుడు. "పరుగు సార్... మరో రెండు," అన్నారు.

ఈత, సైకిలు, పరుగు, ఒకదాని వెనక ఒకటి, మధ్యలో ఆగకుండా చేయాలని ప్రిన్సిపాల్ గారే చదివి చెప్పారు. "మనలో ఈత ఎవరికొచ్చు?" అన్నారు. ఎవరికీ రాదు. టీ పట్టుకొచ్చిన వాడి వైపు అందరూ తిరిగారు. ఆ విధంగా యాభై ఐదో ఏట నేను కోచ్‌నయ్యాను. కాగితాల్లో మాత్రం కోచ్ డైరెక్టర్ గారే.

జట్టుకు ముగ్గురు కావాలి, ఆడపిల్లలైనా మగపిల్లలైనా సరే. ముగ్గురూ మూడూ పూర్తి చేస్తేనే జట్టు లెక్కకు వస్తుంది. ముగ్గురు దొరికారు. మూడు తీర్లుగా దొరికారు.

మొదటిది మా పేట పిల్ల. మా వరసలో నాకు కోడలు. నీళ్ళలో పడేస్తే చేపకూ ఆమెకూ తేడా తెలియదు. సైకిలు మాత్రం పుట్టాక ఒక్కసారీ ఎక్కలేదు. ఇసకలో ఇల్లున్నవాళ్ళకు సైకిలెందుకు? ఈ పోటీ మీద నిజంగా ఆశ పెట్టుకున్నది ఆ పిల్ల ఒక్కతే. ఆటల టీచరు కోర్సులో చేరాలని ఆమె కోరిక. అందులో సీటుకు ఏదైనా పోటీ పూర్తి చేసిన సర్టిఫికెట్ జతచేయాలి. మా కాలేజీలో ఈత జట్టు లేదు, ఇంకో ఆట ఆమెకు రాదు. దరఖాస్తుకు ఆఖరు రోజు, పోటీ అయిన వారానికే. అందుకని ఈ కాగితం ఆమెకు కమిటీ కోసం వచ్చిన కాగితం కాదు, బతుకు కోసం వచ్చిన కాగితం.

రెండోవాడు శ్రీకాకుళం బజార్లో పెద్ద బట్టల కొట్టు వారి అబ్బాయి. ఇరవయ్యొక్క గేర్ల సైకిలుంది వాడికి. రోడ్డు మీద వాణ్ణి పట్టుకోలేం. నీళ్ళంటే మాత్రం బకెట్లో నీళ్ళకూ భయమే.

మూడోవాడు నెల్లిమర్ల జనపనార మిల్లు కార్మికుడి కొడుకు, మా హాస్టల్లో ఉండేవాడు. "నాకు మూడూ వచ్చు మావా" అన్నాడు. నిజమే, మూడూ వచ్చు, మూడూ సగం సగం. వాడి సైకిలుకు వెనక ఇనప క్యారియర్ ఒకటుండేది, మంచమంత. హాస్టలు బియ్యం బస్తా దాని మీదే, జ్వరమొచ్చిన కుర్రాడు ఆసుపత్రికి వెళ్ళేది దాని మీదే. సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక మా డైరెక్టర్ గారు బస్టాండుకు వెళ్ళేదీ దాని మీదే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

నాగావళిలో ఈత మొదలుపెట్టాం. బట్టల కొట్టు అబ్బాయితో వాళ్ళమ్మ గారు కూడా కారులో వచ్చారు, తువ్వాలు, ఫ్లాస్కు పట్టుకుని. ఏట్లో వేలు ముంచి చూసి, "నీళ్ళు బాగా సల్లగున్నాయి బాబూ. కాస్త ఏడి సెయ్యడానికి ఉండదేటి?" అన్నారు.

"ఏరు కాసీడానికి సాలినంత పొయ్యి మా కాలేజీలో లేదమ్మా," అన్నాను.

వాడి నడుముకు ఎండిన ఆనపకాయ బుర్రలు రెండు కట్టి నీళ్ళలోకి దింపాను. మా నాన్న నాకు అలాగే నేర్పాడు. పదిరోజులకు ఒక బుర్ర విప్పాను. ఇరవై రోజులకు రెండోది విప్పాను. కానీ విప్పానని వాడికి చెప్పలేదు. వాడు ఆ దరికి వెళ్ళి, తడుముకుని చూసుకుని, "తాతా, బుర్ర ఊడిపోనాది!" అని అరిచాడు. "మరి నువ్వు మునిగిపోనావా?" అన్నాను. వాడు నిజంగా ఆలోచించి, "లేదు" అన్నాడు.

కోడలిపిల్లకు సైకిలు నేర్పడం అంతకన్నా కష్టం. మిల్లు కుర్రాడి సైకిలు మీద ఎక్కించి, క్యారియర్ పట్టుకుని నేను వెనక పరిగెత్తేవాణ్ణి.

"మావా, ఒగ్గీకు! ఒగ్గీసినావేటి?"

"ఒగ్గనేదే గుంటా, పట్టుకునే ఉన్నాను," అనేవాణ్ణి, యాభై గజాల వెనకనుంచి.

నా గొంతు దూరంగా వినబడేసరికి తిరిగి చూసింది, తుప్పల్లో పడింది. ముళ్ళు పీక్కుంటూ, "ఇక నువ్వు సెప్పిందేదీ నమ్మను," అంది. నమ్మకుండానే నేర్చుకుంది. నెలన్నరకు మిల్లు కుర్రాణ్ణి దాటిపోయేది.

అలా రోడ్డు మీద ప్రాక్టీసు జరిగేటప్పుడు డైరెక్టర్ గారు మిల్లు కుర్రాడి క్యారియర్ మీద కూర్చుని, విజిలు ఊదుతూ, "స్పీడు, స్పీడు!" అనేవారు. ఆ బరువుతో వాడి తొడలు ఇనుములా తయారయ్యాయి. మా కాలేజీ శిక్షణలో శాస్త్రీయమైనది ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఇక నియమాల కాగితం. పోటీ పెట్టినవాళ్ళు ఇంగ్లీషులో ఒక పుస్తకం, తెలుగులో ఒక కాగితం పంపారు. పుస్తకం డైరెక్టర్ గారు తీసుకున్నారు. అది ఆయన బల్ల కాలికింద ఉండేది, బల్ల ఒక పక్కకు ఊగేది కనుక. తెలుగు కాగితం నాకిచ్చి, "అందరికీ కనబడేలా అంటించు" అన్నారు.

నేను మూడు రోజులు చదివాను. ఒక్క అక్షరం వదలలేదు. ముగ్గురూ పూర్తి చేయాలి అని ఉంది. ఈతలో ఎక్కడ మలుపు తిరగాలి, టోపీ ఏ రంగుది అని ఉంది. అడుగున చివరి వరస 'పోటీదారు తన సైకిల్‌పై' అని ఆగిపోయింది. అచ్చువాడి తప్పనుకున్నాను. చాలా నోటీసుల్లో తప్పులుండేవి. ఆటల గది గోడకు, మైదా ఉడికించి మైలతుత్తం కలిపిన జిగురుతో, మూలమూలకూ పట్టేలా అంటించాను. నా అంటింపు గురించి గొప్పగా చెప్పుకునేవారు. పెద్ద తుఫానులో మా కాలేజీ పైకప్పు రేకులు లేచిపోయాయి కానీ నేనంటించిన నోటీసు ఒక్కటీ లేవలేదు.

ఆ చివరి వరస నా తర్వాత ముగ్గురు చూశారు. డైరెక్టర్ గారు, "మిగతాది కామన్ సెన్సులే" అన్నారు. తెలుగు లెక్చరర్ గారు వాక్యం అసంపూర్తిగా ఉండటం సహించలేక, ఎర్ర పెన్నుతో 'వెళ్ళవలెను' అని కలిపి, సంతృప్తిగా వెళ్ళిపోయారు. ప్రిన్సిపాల్ గారు ఆ గోడ ముందు నిలబడి కమిటీకి చూపించడానికి ఫోటో తీయించుకున్నారు.

మా పిల్లలకు నేను కాగితంలో లేనిదొకటి కూడా నేర్పాను. మా వేపు తెప్పలు వేటకు వెళితే, ముందు ఒడ్డెక్కినవాడు ఇంటికి పోడు. ఆఖరి తెప్ప కనబడేదాకా ఇసకలోనే కూర్చుంటాడు. అందుకే రోజూ చెప్పేవాణ్ణి, "ముగ్గురూ అయితేనే జట్టు. ఎవులు ఎనకబడినా ఒగ్గీసి రాకండి." పోటీ రోజు పొద్దున్న కూడా అదే చెప్పాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడను. అన్న చోటే తప్పు.

పోటీ కళింగపట్నంలోనే పెట్టారు. వంశధార సముద్రంలో కలిసేచోటికి కాస్త పైన, ఏటిలో ఈత. తర్వాత రోడ్డు మీద సైకిలు. ఆఖరుకు ఒడ్డమ్మట పరుగు. ఆరింటికి మొదలవ్వాలి. ముఖ్య అతిథి గారు ఎనిమిదిన్నరకు వచ్చి, పొద్దున్నే లేవడం వల్ల కలిగే లాభాల గురించి ముప్పావుగంట మాట్లాడారు. పిల్లలు ఎండలో మాడారు.

ఈతలో మా కోడలిపిల్ల అందరికన్నా ముందు బయటికి వచ్చింది. ఆమె జుట్టు పిండుకుని సైకిలెక్కేసరికి రెండోవాళ్ళు ఇంకా మలుపు దగ్గరే ఉన్నారు. మిల్లు కుర్రాడు సగంలో వచ్చాడు, వాడి పద్ధతి ప్రకారం. బట్టల కొట్టు అబ్బాయి అందరికన్నా ఆఖరున వచ్చాడు. కానీ వచ్చాడు. గట్టెక్కి, నడుము తడుముకుని, నా వైపు చూసి, "బుర్ర లేదు తాతా!" అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. ఉప్పునీళ్ళు పడ్డాయని పక్కవాడితో చెప్పాను. పక్కవాడు, "ఇది ఏటి నీరు కదా" అన్నాడు.

సైకిలెక్కాక వాడు గాలే. ఒక్కొక్కరినీ దాటుకుంటూ, తిరుగు దారిలో కోడలిపిల్ల తప్ప అందరికన్నా ముందుకొచ్చాడు. ఇంకో రెండు కిలోమీటర్లున్నాయనగా, జీడితోటల దగ్గర ఆ ఇరవయ్యొక్క గేర్లలో ఏదో ఒకటి దేనికో చిక్కుకుని గొలుసు తెగింది. దాటినవాళ్ళందరూ వాణ్ణి తిరిగి దాటిపోయారు. కోడలిపిల్ల ఆ చోటు ముందే దాటేసింది, చూడలేదు. తర్వాత వచ్చింది మిల్లు కుర్రాడు. ఆ తర్వాతది వాడే నాకు చెప్పాడు.

"ఏటైనాది?"

"సైను తెగిపోనాదిరా."

"ఒగ్గీసి రావద్దన్నాడు కదా మావ. ఎక్కు."

బట్టల కొట్టు అబ్బాయి ఎక్కాడు. అంత ఖరీదైన సైకిలును తోటకు కాపలా ఉన్న ముసలమ్మకు అప్పగించి, ఇనప క్యారియర్ మీద కూర్చున్నాడు. డైరెక్టర్ గారిని మోసిన తొడలకు ఈ బక్క షావుకారు ఒక లెక్కా? దారిలో ఇద్దర్ని దాటారు కూడా.

ఒకే సైకిలు మీద ఇద్దరూ వస్తుంటే ఒడ్డున జనమంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టినవాణ్ణి నేనే. ప్రిన్సిపాల్ గారు మైకు లాక్కుని, "చూడండి! ఇదీ మా కాలేజీ విద్యార్థుల ఐకమత్యం! ఈ విలువలే మేము నేర్పుతున్నాం!" అన్నారు. ముఖ్య అతిథి గారు లేచి నిలబడ్డారు. మైకు ఇంకా ప్రిన్సిపాల్ గారి చేతిలో ఉండగానే తెల్లటోపీ పెట్టుకున్న రిఫరీ వచ్చి, ఇద్దరినీ భుజాలు పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. ప్రిన్సిపాల్ గారు మైకు డైరెక్టర్ గారికిచ్చారు. డైరెక్టర్ గారు నాకిచ్చారు. నేను కింద పెట్టాను.

కోడలిపిల్ల అప్పటికే పరుగు కూడా పూర్తిచేసి, ఇసకలో కూర్చుని ఉంది. ఆడపిల్లల్లో మొదట వచ్చింది. సర్టిఫికెట్లు రాస్తున్న బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. రాసే ఆయన జాబితాలో వేలు పెట్టి చూసి, "మీ జట్టు రద్దయిపోయిందమ్మా. ఇది జట్టుగా రాసిన పేరు. విడిగా ఇవ్వడం కుదరదు," అన్నాడు.

ఆమె నా దగ్గరికొచ్చింది. ఏడవలేదు. "నానేటి సేసినాను మావా?" అంది.

రిఫరీ దగ్గరికి వెళ్ళి, "ఇద్దరు ఎక్కకూడదని ఏ కాగితంలో రాసుంది? అక్షరం వదలకుండా సదివినాను," అని గద్దించాను. ఆయన తన చేతిలోని కాగితం నాకు చూపించాడు. నేను గోడకంటించిన కాగితమే. అదే అచ్చు, అదే తప్పు, 'పోటీదారు తన సైకిల్‌పై'. నా ముఖంలో గెలుపు కనబడి ఉంటుంది. ఆయన కాగితం తిరగేశాడు.

నా తప్పు ఎక్కడ పుట్టిందో మీకు చెబుతాను. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నేను చూసిన కాగితాలన్నీ గోడ మీద కాగితాలే. గోడ మీద కాగితానికి ఒకటే వైపు. రెండో వైపు నాకు అక్షరాల కోసం కాదు, జిగురు కోసం. మూడు రోజులు చదివినవాణ్ణి, ఆ వైపు మైదా పూసేటప్పుడు కూడా చూడలేదు. బ్రష్ మీదే నా కళ్ళు.

కాలేజీలో విచారణ జరిగింది. డైరెక్టర్ గారు, "నియమాలు మార్కర్‌కు అప్పగించాను" అన్నారు. తెలుగు లెక్చరర్ గారు ఆ ఎర్ర అక్షరాలు తనవి కావన్నారు. ప్రిన్సిపాల్ గారు నాకు మెమో ఇచ్చారు: 'నియమావళిని నిర్లక్ష్యముగా గోడకు అంటించినందుకు.' నిర్లక్ష్యంగా అంటించి ఉంటే ఊడిపోయేది, ఎవరో ఒకరు రెండో వైపు చూసేవారు. శ్రద్ధగా అంటించడమే మా కొంప ముంచింది. జవాబులో ఒకటే వాక్యం రాశాను: 'అంటించినది నేనే, రెండవ వైపు చదవలేదు.' సంతకం పెట్టి, ఎందుకైనా మంచిదని తిరగేసి చూసి, ఇచ్చాను.

తర్వాత ఆటల గదికి వెళ్ళి బకెట్టు నీళ్ళతో గోడ తడిపాను. నా జిగురు మీద మొదటిసారి నాకు కోపం వచ్చింది. గంటన్నర పట్టింది. కాగితం నాలుగు ముక్కలుగా వచ్చింది. మైదా గోకి, ఆటస్థలంలో రాళ్ళు పెట్టి ఎండబెట్టి, మడిచి జేబులో పెట్టుకుని కళింగపట్నం బస్సెక్కాను.

కోడలిపిల్ల వాళ్ళమ్మతో కలిసి ఇసకలో చేపలు ఎండేస్తోంది. దరఖాస్తుకు గడువు అంతకు ముందురోజే దాటిపోయింది. నన్ను చూసి వాళ్ళమ్మ, "ఏటి అన్నా, మళ్ళీ ఏటి అంటించడానికొచ్చినావు?" అంది. నాకు తగినమాటే.

పిల్ల మాత్రం, "ఆ రెండో పక్క సదివినావా?" అంది.

"సదివినాను."

"నాకు సదువు. నాను సదవను, నువ్వే సదువు. అందరూ ఇనేలాగ."

చేపల మధ్య నిలబడి, నాలుగు ముక్కలూ అరచేతిలో కలిపి, వేలు పెట్టి చదివాను. 'ఒంటరిగా మాత్రమే ప్రయాణించవలెను. మరొకరిని ఎక్కించుకున్నచో ఇద్దరూ పోటీ నుండి తొలగింపబడుదురు.' చుట్టుపక్కల ఆడవాళ్ళు పని ఆపి విన్నారు. తర్వాతి నియమం దగ్గర నా వేలు ఆగింది.

"ఆగినావేటి? సదువు."

'సైకిల్ చెడిపోయినచో పోటీదారు దానిని నడిపించుకొని గమ్యము చేరవచ్చును.'

రెండు కిలోమీటర్లు. నడిపించుకుని వచ్చేసినా సరిపోయేది. కాకి ఒకటి చేపను ఎత్తుకుపోయింది, వాళ్ళమ్మ దాన్ని కూడా తరమలేదు.

"మళ్ళీ సదువు," అంది పిల్ల.

మళ్ళీ చదివాను. మూడోసారి కూడా చదివించింది. చదవడం అయ్యాక కాగితం ముక్కలు నా చేతిలోంచి తీసుకుని, "అలాగయితే ఒచ్చే ఏడు నానొక్కదాన్నే ఎల్తాను. మీ ఐకమత్యం నాకొద్దు," అంది. తర్వాత కాసేపటికి, "సూస్తావేటి మావా, ఆ పక్క సేపలు తిరగెయ్. ఒక పక్కే ఎండుతున్నాయి," అంది. సాయంత్రం దాకా చేపలు తిరగేశాను.

ఆమె అన్నట్టే చేసింది. మరుసటి ఏడు ఒంటరిగా పేరు ఇచ్చింది. మిల్లు కుర్రాడి సైకిలే అడిగి తీసుకుంది, క్యారియర్ విప్పించి. సర్టిఫికెట్ తెచ్చుకుంది, కోర్సులో చేరింది. మీరు అంతా బాగానే అయింది కదా అనవచ్చు. ఆమె బతుకులో ఒక ఏడాది నా జిగురుకు అంటుకుపోయింది. దాన్ని తడిపి తీయడం నా వల్ల కాలేదు.

ఇక నా రిటైర్మెంట్ రోజు. శాలువా కప్పారు. గంధం పూశారు. ప్రిన్సిపాల్ గారు సన్మాన పత్రం చదివారు. నేను క్రమశిక్షణకు మారుపేరట, కాలేజీలో మొట్టమొదటి ట్రయథ్లాన్ జట్టును తీర్చిదిద్దినవాణ్ణట, ఐకమత్యాన్ని బోధించానట. డైరెక్టర్ గారు అందరికన్నా ఎక్కువ చప్పట్లు కొట్టారు. పత్రం నా చేతికిచ్చారు, ఫోటో కోసం అందరూ నవ్వుముఖం పెట్టారు.

నేను పత్రం తిరగేశాను.

అలవాటు. అప్పటినుంచి ఏ కాగితం ఇచ్చినా అంతే, పెళ్ళిపత్రికయినా సరే. వేదిక మీద పెద్దలందరూ నేనేం చూస్తున్నానో తెలియక మెడలు చాచి చూశారు. వెనకవైపు తెల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు. ఆ క్షణంలో ఆఖరు వరసలోంచి ఒక ఆడపిల్ల పకపకా నవ్వింది. అందరూ వెనక్కి తిరిగారు. ఆమె అప్పటికి ఒక గురుకుల పాఠశాలలో ఆటల టీచరు. మెడలో విజిలు కూడా తీయకుండా, బడినుంచి తిన్నగా వచ్చింది.

కిందికి దిగాక నా చేతిలోంచి పత్రం తీసుకుని రెండు వైపులూ చూసింది.

"ఈ పక్క ఏటీ రాయలేదేటి మావా?"

"ఆలకి తెలీదు కదే."

"నీకు తెలుసు కదా. నువ్వు రాయి."

ఇన్నాళ్ళకు రాశాను.